కప్పులో డ్రా ఉండదు

"ఫోను ఇయ్యి నాన్నా."

నేను ఇవ్వలేదు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

"నీతోనే మాటాడతన్నాను. నా తమ్ముడికి నేను చెప్పుకుంటాను. అమ్మకి బాలేదు, బయల్దేరిపో. రెండే ముక్కలు. ఆడి ఫోను క్లబ్బోళ్ళు పొద్దున్నే తీసీసుకున్నారు. ఆ మేనేజరు నంబరు నీ ఒక్కడి దగ్గరే ఉన్నాది. ఇయ్యి."

"ఆడు డ్యూటీలో ఉన్నాడు" అన్నాను.

తనూజ గొంతు లేచింది. మంచం వైపు చూసి వెంటనే దించుకుంది.

"బంతి తన్నడం కూడా డ్యూటీయేటి?"

"జీతం ఇస్తన్నారు కదా."

"అచ్ఛా. జీతం ఇస్తే డ్యూటీ. మరి అమ్మ ఇన్నేళ్ళు ఆడి బురద బనీన్లు ఉతికింది. అది ఏ డ్యూటీ?"

నేను జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

ముందు గదిలో ఫాను కింద నా భార్య కనకానికి మంచం వేశాం. బిలాస్‌పూర్‌లో తనూజకి రైల్వే ఇచ్చిన క్వార్టరు ఇది. ఆసుపత్రి నుంచి నిన్న పొద్దున్న ఇక్కడికి తెచ్చేశాం. డయాలసిస్ ఇక ఒంటికి ఆగదన్నారు. ఇవాళ ఉదయం డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసింది. గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటూ, నా మొహం చూడకుండా హిందీలో చెప్పింది. పిలవాల్సిన వాళ్ళని పిలిపించండి అంకుల్, రేపు మధ్యాహ్నం దాటడం కష్టం అని.

పిలవాల్సినవాడు ఒక్కడే. జయప్రకాష్. మా ఆఖరివాడు, జై. భువనేశ్వర్‌లో ఉన్నాడు. నాలుగున్నరకి వాడి క్లబ్బుకి కప్పు సెమీఫైనల్. మూడేళ్ళుగా బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళ సీసాలు అందించినవాడు. కుడిపక్క వెనకాల ఆడే అతనికి పోయిన వారం మోకాలు పోయింది. అందుకని వీడు మొదటిసారి మొదటి నిమిషం నుంచీ ఆడబోతున్నాడు. ఈ నెలాఖరుకి వాడి కాంట్రాక్టు అయిపోతుంది.

అప్పుడు టైము నాలుగూ అయిదు.

"మీ నాన్న అన్నదాంట్లో తప్పు లేదే అమ్మీ" అన్నాడు చిన్నారావు, గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ మీంచి. నేను గూడ్సు డ్రైవరుగా ఉన్నప్పుడు పద్దెనిమిదేళ్ళు నా బండికి గార్డు వాడు. "బండి మీదున్నోడికి ఇంటి కబురు చెప్పకూడదు. బండి అప్పచెప్పాల, సంతకం పెట్టాల, బ్యాగు కిందెట్టాల. అప్పుడు చెప్పాల. ఇది మీ నాన్న పెట్టిన రూలు కాదు. ముందునించీ ఉన్నాది."

"బండి వెనక యాభై డబ్బాలుంటాయి చిన్నారావు మావా. తమ్ముడి వెనక ఏటున్నాది?"

"పదిమందున్నారు" అన్నాడు చిన్నారావు.

తనూజ పళ్ళు కొరికింది. నేను గోడ గడియారం చూశాను.

మా అమ్మ పోయిన రోజు నేను పెండ్రా రోడ్డు నుంచి బొగ్గు బండి దించుతున్నాను. అది ఘాట్ సెక్షను. ఒక వైపు కొండ, ఒక వైపు లోయ. కబురు బండ్లు నడిపించే కంట్రోలు ఆఫీసుకి చేరింది. నేను నాలుగు స్టేషన్లు దాటాను. నాలుగు చోట్లా స్టేషన్ మాస్టర్లకి తెలుసు. నలుగురూ పచ్చజెండా చూపించారు. ఒకాయన మాత్రం జెండా చూపిస్తూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. బిలాస్‌పూర్ చేరి సంతకం పెట్టాక చిన్నారావు నా భుజం మీద చెయ్యి వేశాడు. పొద్దున్నే పోయిందిరా అన్నాడు.

వాళ్ళు చేసింది సబబే అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే అనుకుంటున్నాను.

"మామ్మ పోయిన రోజు అమ్మ ఏటి చేసిందో నీకు తెలుసా?" అంది తనూజ. నేను ఏం ఆలోచిస్తున్నానో తనకి తెలిసిపోయింది.

"ఏటి చేసింది?"

"నీకు చెప్పలేదేటి? అచ్ఛా. అయితే నేనూ చెప్పను."

*

"ఏటా గోల" అంది కనకం.

ముగ్గురం మంచం వైపు తిరిగాం.

"ఆట మొదలయ్యిందా?"

"ఇంకో పది నిమిషాలుందమ్మా" అంది తనూజ.

"నన్ను ఎత్తి కూకోబెట్టండి. టీవీ ఎయ్యండి. తల దువ్వే తనూజా, ఆడు చూస్తాడు."

"టీవీలోంచి ఆడికి మనం కనపడం వదినా" అన్నాడు చిన్నారావు.

"నువ్వు కనపడవు. నేను కనపడతాను" అంది కనకం.

చిన్నారావు నవ్వాడు. నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రెండు తలగడలు పెట్టి ఆనించాం. ఆమె ఒళ్ళు నా చేతికి ఏమీ బరువనిపించలేదు. తనూజ ముక్కు గొట్టం సర్ది, జుట్టు దువ్వింది. టీవీలో పిల్లలు వరసగా నిలబడ్డారు. పసుపు చొక్కాలు మనవాళ్ళు. కనకం కళ్ళు చికిలించింది.

"ఆడేడీ?"

"ఇరవై రెండో నంబరు."

"ఆడేనేటి? సన్నబడిపోనాడు. ఏటి పెడతన్నారో ఆ క్లబ్బోళ్ళు."

పది నిమిషాలు చూసింది. ఒక పొడుగాటివాడు వాడిని మోచేత్తో పొడిచి పడేశాడు. కనకం మంచం మీంచి లేవబోయింది.

"ఓలమ్మో! కొట్టీసినాడు చూడు! ఆ టీటీకి కళ్ళు లేవేటి?"

రెఫరీని ఆమె ఎప్పుడూ టీటీ అనే అంటుంది. అడిగినదానికి చెప్పడు, జేబులోంచి తీసి రాసేస్తాడు, ఇద్దరూ ఒక్కటే అంటుంది. జై చిన్నప్పుడు రైల్వే గ్రౌండులో గోలు వెనకాల నీళ్ళ సీసా పట్టుకుని నిలబడేది. ఒకసారి జైని పడేసిన పిల్లాణ్ణి మైదానం అంతా తరిమింది. ఆట ఆపి రెఫరీ ఆమెకి పసుపు కార్డు చూపించాడు. మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆడు వస్తాడా?" అంది, టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

"వస్తాడు" అన్నాను.

"ఊఁ."

తల పక్కకి వాలింది. మెల్లగా పడుకోబెట్టాం. నేను టీవీ గొంతు మొత్తం తగ్గించేశాను. గదిలో ఆమె ఊపిరి చప్పుడు మాత్రం ఉంది. పీలుస్తుంది, ఆగుతుంది. ఆగినప్పుడల్లా తనూజ నావైపు చూస్తుంది. మళ్ళీ పీలుస్తుంది.

*

నా లెక్క నేను వేసుకునే ఉన్నాను.

నాలుగున్నరకి మొదలు. ఆరూ ఇరవైకి విజిలు. అక్కడినుంచి స్టేషనుకి అరగంట. వారానికి ఒక్కరోజు, శుక్రవారం, అంటే ఇవాళే, ఏడూ ముప్పయ్యైదుకి భువనేశ్వర్‌లో ఒక బండి ఉంది. రేపు పొద్దున్న ఆరూ యాభైకి బిలాస్‌పూర్. గెలిచినా అదే బండి. ఓడినా అదే బండి. డ్యూటీ పూర్తవుతుంది, తల్లి మొహమూ దక్కుతుంది. ఎక్కడా తప్పు కనపడలేదు నాకు.

ముప్పై ఒకటో నిమిషంలో అవతలివాళ్ళు గోలు కొట్టారు. పక్క క్వార్టర్లలోంచి ఒక్కసారి "అరే యార్" అని వినపడింది. కాలనీ అంతా మనవాడి ఆట కోసం టీవీలు పెట్టుకున్నారు.

ఓడితే ఊరేగింపులుండవు, నేరుగా బండెక్కుతాడు. కన్నకొడుకు ఆడే జట్టు గోలు తింటే నాకు తేలిగ్గా అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఓడిపోతారేటో" అన్నాడు చిన్నారావు.

"ఊఁ."

"ఏటి ఊఁ? ఇంత గొప్పగా ఆడతన్నాడు గుంటడు. నీకేటీ లేదేటి?"

నేను గడియారం చూశాను. తనూజ నన్ను చూసింది.

హాఫ్ టైములో అల్లుడు రమణబాబు సీపత్ నుంచి వచ్చాడు. అక్కడి కరెంటు ప్లాంటులో డ్యూటీ మధ్యలో బయటపడి, దారిలో ఇంకో ఆక్సిజన్ సిలిండరు ఆటోలో వేయించుకొచ్చాడు. దాన్ని మూల పెట్టి, చెమట తుడుచుకుని, ఫోను నా ముందు పెట్టాడు.

"టికెట్ కన్ఫర్మ్ అయ్యింది మావయ్యా. బీ టూ, ఇరవయ్యొకటి. లోయరు."

"మంచిపని చేశావు బాబూ."

"జైకి ఇంకా చెప్పలేదా?"

వంటింట్లోంచి తనూజ అంది, "అడక్కు ఆయన్ని. ఆయనకి పచ్చజెండా పడాల."

రమణబాబు లోపలికి వెళ్ళాడు. ఇద్దరూ చాలాసేపు గుసగుసగా మాట్లాడుకున్నారు. గిన్నె ఒకటి నేల మీద పడింది. తర్వాత ఏమీ వినపడలేదు.

*

ఎనభై తొమ్మిదో నిమిషం. ఒకటి, సున్నా.

మనవాళ్ళకి కార్నర్ వచ్చింది. ఓడిపోతున్నారు కదా, అందరూ ముందుకి పోయారు. గోల్‌కీపర్ కూడా పోయాడు. వెనకాల ఉండాల్సిన ఇరవై రెండో నంబరు కూడా పోయాడు.

బంతి గాల్లోకి లేచింది. అంతమంది తలల్లో ఒక తల పైకి లేచింది. నాకు వాడి మెడ తెలుసు.

బంతి వలలో పడింది.

కాలనీ ఒక్కసారి పేలిపోయింది. వీధిలో ఎవరో టపాకాయ కాల్చారు. కిటికీ ఊచలు పట్టుకుని పక్కింటి పిల్లలు "చాచా! దేఖా? జై భయ్యా నే మారా!" అని అరిచారు. నేను పెదాల మీద వేలు పెట్టుకుని మంచం వైపు చూపించాను. వాళ్ళు ఊచలు వదిలేసి వెళ్ళిపోయారు.

టీవీలో జై పరుగెత్తలేదు. ఉన్నచోటే నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు వచ్చి మీద పడ్డారు.

తనూజ ఏడుస్తోంది. నవ్వుతూ ఏడుస్తోంది. "అమ్మా, జై గోలు కొట్టాడే. అమ్మా." కనకం కళ్ళు తెరవలేదు.

నేను లెక్క సరిచూసుకున్నాను. "పోనీలే. డ్రా. ఇంకో అయిదు నిమిషాల్లో విజిలేస్తారు. బండి అందుతాది" అన్నాను.

చిన్నారావు నా వైపు అదోలా చూశాడు.

"ఒరే నూకరాజూ. ఏటంటన్నావు?"

"చెరో గోలు. డ్రా."

"ఇది లీగు కాదురా. కప్పు. కప్పులో డ్రా ఉండదు."

"అంటే?"

"అంటే ఏటి? ఇద్దర్లో ఒకడు ఇంటికెళ్ళిపోవాల. అరగంట ఎక్కువ ఆడిస్తారు. అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఎవడో ఒకడు చచ్చేదాకా వదల్రు. ఇన్నేళ్ళ నించీ ఏటి చూస్తన్నావురా నువ్వు?"

నేను లీగు ఆటలే చూశాను. వాడు బెంచీ మీద కూర్చున్న ఆటలు. వాడి మొహం టీవీలో ఒక్క క్షణం కనపడుతుందేమోనని చూసేవాణ్ణి. డ్రా అయితే ఇద్దరూ చేతులు కలుపుకుని వెళ్ళిపోయేవారు. నేను టీవీ కట్టేసేవాణ్ణి.

గోడ మీద ఆరూ పదహారు. అయిదు నిమిషాలు. ఇంకో అరగంట, మధ్యలో విరామాలు. పెనాల్టీలు. స్టేషనుకి అరగంట.

రెండుసార్లు లెక్క వేశాను. రెండుసార్లూ బండి వెళ్ళిపోయింది.

*

తనూజ నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

ఫోను తీసి ఇచ్చాను.

మేనేజరు రోహన్ వెంటనే ఎత్తాడు. అవతల జనం అరుపులు. స్పీకరులో వాడి హిందీ గది అంతా వినపడింది.

"హలో అంకుల్! చూశారా మన జేపీ గోలు? ఆంటీ ఎలా ఉన్నారు?"

తనూజ ఫోను వైపు చూసింది. తర్వాత నా వైపు.

"నేను జై అక్కని. అమ్మ సంగతి మీకెలా తెలుసు?"

"అంకుల్ పన్నెండు గంటలకి ఫోన్ చేశారు కదా దీదీ. నేను వెంటనే కోచ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించలేదు. తల్లి కన్నా కప్పు ఎక్కువ కాదు, ఇప్పుడే కారులో పంపెయ్యండి అన్నారు. అంకులే వద్దన్నారు. ఆట అయ్యేదాకా చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

రమణబాబు తల దించుకున్నాడు.

"దీదీ? ఉన్నారా?"

"ఉన్నాను. ఇప్పుడు చెప్పండి వాడికి."



"చెప్తాను దీదీ. మీరు అంటే ఇప్పుడే పిలిచి చెప్తాను. కానీ ఆటగాళ్ళని మార్చే అవకాశాలన్నీ మాకు అయిపోయాయి. వాడు బయటికొస్తే పదిమందితో ఆడాలి. చెప్పమంటారా?"

తనూజ నోరు తెరిచింది. టీవీలో వాడు గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో వాడి పిక్కలు తోముతున్నారు. ఎవరో ఏదో అంటే నవ్వాడు. వాడి పై పళ్ళ మధ్య సందు కనపడింది. కనకానికీ అలాంటిదే ఉంది.

"దీదీ?"

తనూజ ఫోను కట్టేసింది.

గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"నన్ను కూడా నీలాగ చేసీసినావు నాన్నా" అంది.

నేను తనూజ చేతిలోంచి ఫోను తీసుకున్నాను.

"మధ్యాహ్నం బయల్దేరుంటే ఈపాటికి సగం దారి దాటేసేవాడు. పదకొండు గంటలకి అమ్మ పక్కన కూకునేవాడు. పరాయోడు పంపుతానన్నాడు. కన్నతండ్రివి, నువ్వు వద్దన్నావు. ఎందుకు? ఒక్క మాట చెప్పు. ఎందుకు?"

"మూడేళ్ళు బెంచీ మీద కూకున్నాడు" అన్నాను.

"ఇంకో ఏడాది కూకునేవాడు. ఏటయ్యేది?"

"కబురు తెలిస్తే కాళ్ళు ఆడవు. నాకు తెలుసు."

"నీకేటీ తెలీదు." తనూజ లేచి నిలబడింది. "మామ్మ పొద్దున్న పోలేదు నాన్నా. నీ బండి బిలాస్‌పూర్ యార్డులోకొచ్చే ముందు పోయింది. అప్పటిదాకా నీ పేరే పిలిచింది. అమ్మ నిండు నెలల కడుపుతో కంట్రోలు ఆఫీసు మెట్ల మీద కూకుని ఏడిచింది. ఒక్క స్టేషన్లో ఆపి చెప్పండి, ఇంకో డ్రైవర్ని ఎక్కించండి, ఆయన్ని మోటారు ట్రాలీ మీదైనా పంపండి అని. అందరూ రూలే చెప్పారు. నీకు తెలిస్తే ఇంక బండెక్కవని, అమ్మ అందరి దగ్గరా ఒట్టేయించుకుంది. పొద్దున్నే పోయిందని చెప్పండని."

నేను చిన్నారావు వైపు తిరిగాను.

వాడు కుర్చీలోంచి లేచాడు. కళ్ళద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు.

"గార్డుకి చెప్పారురా" అన్నాడు. "మొదటి స్టేషన్లోనే చెప్పారు, ఇంకా ప్రాణం ఉన్నాదని. నేను వెనక డబ్బాలో ఉన్నాను."

చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్ళిపోయాడు. మెట్ల మీద కూర్చున్నాడు. వాడి వీపు కనపడుతూనే ఉంది.

మంచం మీద ఊపిరి ఆగింది. తనూజ పరుగెత్తింది. మళ్ళీ పీల్చింది.

*

అదనపు అరగంటలో గోలు పడలేదు. పెనాల్టీలు వచ్చాయి.

నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఏమడగాలో తెలియలేదు.

నాలుగోది జై కొట్టాడు. బంతి పెట్టి, వెనక్కి నడిచి, ఒకసారి ఆకాశం చూసి, కొట్టాడు. పడింది. తర్వాత అవతలివాడు కొట్టింది బయటికి పోయింది. పసుపు చొక్కాలన్నీ ఒకేచోటికి పరుగెత్తాయి. ఇరవై రెండో నంబరుని భుజాల మీదికి ఎత్తారు.

వీధిలో డప్పు మొదలైంది. "బిలాస్‌పూర్ కా షేర్" అంటున్నారు, మా ఊరి సింహమట. రమణబాబు వెళ్ళి ఏదో చెప్పాడు. డప్పు ఆగిపోయింది.

ఏడూ ఇరవై నాలుగు అయ్యింది. ఏడూ ముప్పయ్యైదు కూడా అయ్యింది. రమణబాబు ఫోను తీసి చూశాడు. బండి రైట్ టైముకి బయల్దేరింది అన్నాడు. ఎవరూ అడగలేదు.

రోహన్ మళ్ళీ చేశాడు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. గోలు కొట్టినవాణ్ణి డోప్ పరీక్షకి తీసుకెళ్ళారట. మూత్రం ఇచ్చేదాకా ఆ గదిలోంచి వదలరట. ఒంట్లో నీళ్ళన్నీ చెమటైపోయాయి కదా, గంట పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. లోపలికి ఎవరినీ రానివ్వరు. కారు గేటు దగ్గరే ఉంది. వాడు బయటికి రాగానే నేనే చెప్తాను, నేనే వెంట వస్తాను అన్నాడు.

"ఎన్నింటికి చేరతాడు?" అని రమణబాబు అడిగాడు.

"ఘాట్ రోడ్డు, రాత్రి ప్రయాణం. రేపు పొద్దున్న పది... పదకొండు అవ్వచ్చు."

డాక్టరమ్మ చెప్పింది మధ్యాహ్నం వరకు. దాటడం కష్టం అంది. అప్పటిదాకా ఉంటుందనలేదు.

తనూజ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కుళాయి చప్పుడు ఆగలేదు.

*

"ఏటయ్యా."

నేను ఉలిక్కిపడ్డాను. కనకం నన్నే చూస్తోంది. రెండు రోజుల్లో ఆ కళ్ళు అంత తేటగా లేవు.

"ఇక్కడే ఉన్నాను."

"ఆట అయిపోనాదా?"

"అయిపోయింది."

"నెగ్గినారా?"

"నెగ్గారు. ఆడు గోలు కొట్టాడు."

"ఆడా? ఆడు వెనకాల ఉండేవాడు కదేటి?"

"ముందుకెళ్ళాడు."

ఆమె పెదాలు కొంచెం విడివడ్డాయి. పళ్ళ సందు కనపడింది. "నేను చూళ్ళేదు" అంది. తర్వాత, "మీ మొహాలు అలగున్నాయేటి? నెగ్గితే నవ్వరేటి?"

తనూజ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నవ్వింది.

"ఆడు బయల్దేరాడా?"

తనూజ నా వైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు చూసింది.

పెళ్ళై నలభై మూడేళ్ళు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. కానీ ఆమెతో ఎన్నడూ అబద్ధం ఆడలేదు.

"బయల్దేరాడు" అన్నాను.

"ఏ బండికి?"

డ్రైవరు పెళ్ళాం. బయల్దేరాడంటే ఊరుకోదు.

"ఏడూ ముప్పయ్యైదు."

"బెర్తు దొరికిందా? ఆడుకునొచ్చి నిలబడి రాలేడు."

"బీ టూ. ఇరవయ్యొకటి. లోయరు."

ఆ టికెట్ నిజంగానే ఉంది. ఖాళీ బెర్తు ఇటే వస్తోంది.

కనకం కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. వంగి విన్నాను. అంగుల్ అంది. సంబల్‌పూర్ అంది. ఝార్సుగూడ. రాయ్‌గఢ్. ఒక్కొక్క ఊరికీ ఊపిరి తీసుకుంటోంది.

"తనూజా."

"ఏటమ్మా."

"చాంపా దాటాక నన్ను లేపండి. ముందు లేపొద్దు. ఓపిక ఖర్చైపోతాది. చాంపా నించి ఇంక గంటే కదా, అంతసేపు మేలుకుని ఉండగలను."

తనూజ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నన్ను చూడలేదు. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"లేపుతానమ్మా" అంది.

రమణబాబు గోడ వైపు తిరిగాడు.

కనకం మొహం నెమ్మదించింది. రేపు పొద్దున్నదాకా ఉండాలని లెక్క పెట్టుకున్న మనిషిలా, చేతులు పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి తూచి తూచి పీలుస్తోంది. అయిదున్నరకో ఆరుకో ఆ బండి చాంపా దాటుతుంది. ఆ టైముకి జై కారు ఎక్కడుంటుందో నేను లెక్క వెయ్యలేదు. నా లెక్కల మీద నాకు నమ్మకం పోయింది.

అప్పుడు ఆమె తలగడ కింద ఫోను మోగింది.

ఆమె ఫోను. మా అందరి కంటే ముందు, ఓడినా గెలిచినా, బెంచీ మీద కూర్చున్నా సరే, ఆట అయ్యాక వాడు తల్లికే వీడియో కాల్ చేస్తాడు. అంటే వాడు ఆ గదిలోంచి బయటికొచ్చాడు, ఫోను తిరిగిచ్చేశారు. రోహన్ చెప్పాడో, ఇంకా చెప్పలేదో. వాడి వెనకాల స్టేడియం దీపాలుంటాయి, ఆటగాళ్ళ అరుపులుంటాయి. బెర్తు ఉండదు.

కనకం కళ్ళు తెరిచింది. మొహం ఇంతయ్యింది.

"బండెక్కి కూకుని చేస్తన్నాడు చూడు" అంది.

నేను తలగడ కిందికి చెయ్యి పెట్టాను. ఆమె చెయ్యి అప్పటికే అక్కడుంది.